స్వభావానికి తగిన వ్యాయామం

'పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి' అన్నది మన సామెత. ఆహారం విషయంలోను, వేషధారణ విషయంలోను, చదువుకొనే శాస్త్రాల విషయంలోను ఈ సామెతలోని సత్యాన్ని మనం నిస్సంకోచంగా అంగీకరిస్తాం. ఒకరికి గోంగూర ప్రీతి, మరొకరికి పప్పుచారు ప్రీతి. ఒకరు గణితంలో ఆనందం పొందితే, ఇంకొకరు చరిత్రలో పొందుతారు. కాని వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి ఈ వివేకాన్ని విడిచిపెడతాం. అందరూ తెల్లవారుజామున లేవాలని, అందరూ మైదానం చుట్టూ పరుగెత్తాలని, అలా చేయలేనివారు సోమరులని తీర్పు చెబుతాం. ఈ తీర్పు న్యాయమైనది కాదు. దానివల్ల ఒనగూడే ప్రయోజనమూ లేదు.

 మన సమాజంలో వ్యాయామాన్ని ప్రారంభించి మానుకొన్నవారు ఎందరో ఉన్నారు. కొత్త సంవత్సరంనాడో, ఉగాదినాడో గట్టి సంకల్పం చెప్పుకొంటారు. కొత్త బూట్లు కొంటారు. వ్యాయామశాలలో మూడు నెలల రుసుము ముందుగానే చెల్లిస్తారు. నెల తిరిగేసరికి బూట్లు మూలపడతాయి. అప్పుడు ఇంట్లోవారు 'ఆరంభశూరత్వం' అని నవ్వుతారు. తమకు సంకల్పబలం లేదని ఆ వ్యక్తి కూడా నమ్మడం మొదలుపెడతాడు. నిజానికి అతడు చేసిన లోపం వేరు. మానుకొన్నవారిలో చాలామందికి శరీరశ్రమపై ద్వేషం లేదు. తమ స్వభావానికి సరిపడని పద్ధతిని, ఎవరో మెచ్చుకొన్నారన్న కారణంగా ఎన్నుకొన్నారు. చెప్పు కరచినప్పుడు కాలును నిందించడం ఎంత అవివేకమో, ఇక్కడ మనిషిని నిందించడం కూడా అంత అవివేకమే.

ఇది అలక్ష్యం చేయదగిన విషయం కాదు. శారీరక శ్రమకు, ఆరోగ్యానికి గల సంబంధాన్ని ఆధునిక వైద్యశాస్త్రం ఏడు దశాబ్దాల క్రితమే నిరూపించింది. బ్రిటన్‌కు చెందిన జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించి, 1953లో తన ఫలితాలను ప్రకటించాడు. ఒకే బస్సు, ఒకే మార్గం. అయినా రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లకంటె, టిక్కెట్లు ఇస్తూ మెట్లు ఎక్కిదిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. నేడు మన పరిస్థితి చాలావరకు ఆ డ్రైవర్ల పరిస్థితి వంటిది. అయిదు నుంచి పదిహేడు ఏళ్ల వయస్సుగలవారు రోజుకు సగటున 60 నిమిషాలపాటు చెమట పట్టేటట్లు శ్రమించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఆ సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన లెక్కల ప్రకారం, 2016 నాటికి ప్రపంచంలోని 11 నుంచి 17 ఏళ్ల పిల్లలలో నూటికి 81 మందికి ఆ మాత్రపు శ్రమ లేదు. బాలికలలోనైతే నూటికి 85 మందికి లేదు. నూటికి ఎనభై మంది సోమరులై పుట్టారని నమ్మడం కంటె, వారికి మనం చూపిన మార్గంలోనే ఏదో లోపం ఉందని భావించడం సమంజసం.

మనిషి మనిషికి తగిన శ్రమ వేరువేరుగా ఉంటుందన్న ఆలోచన మనకు కొత్తది కాదు. వాత, పిత్త, కఫ ప్రకృతులను బట్టి ఆహారవిహారాలను నిర్ణయించిన ఆయుర్వేదం వ్యాయామానికి కూడా ఒకే కొలతను విధించలేదు. వాగ్భటుని 'అష్టాంగహృదయం' ఎవరి బలంలో సగం మేరకు వారు శ్రమించాలని చెప్పింది. చలికాలంలోను, వసంతంలోను ఆ సగం వరకు చేయవచ్చునని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని కూడా చెప్పింది. ఇందులోని కొలతబద్ద ఎవరికి వారే. పక్కవాని బలంలో సగం కాదు, తన బలంలో సగం. ఈ ఒక్క మాటను పట్టించుకొంటే, ఇతరులతో పోల్చుకొని కుమిలిపోయే యువతీయువకుల బాధ చాలావరకు తీరుతుంది.

ప్రేరణ అనేది బయటినుంచి రావచ్చు, లోపలినుంచి రావచ్చు. ఉపాధ్యాయుని భయం, బహుమతిపై ఆశ, బరువు తగ్గమని బంధువులు చేసే హితబోధ - ఇవన్నీ బయటి ప్రేరణలు. ఇవి పనిని ప్రారంభింపజేస్తాయి, చాలాకాలం కొనసాగించలేవు. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు ఈ విషయాన్ని దీర్ఘకాలం పరిశోధించి, 1985లో ఒక గ్రంథంగా వెలువరించారు. ఏ పనిలోనైనా మనిషి మనస్ఫూర్తిగా నిలవాలంటే మూడు అవసరాలు తీరాలన్నది వారి సిద్ధాంతం. ఆ పనిని తానే ఎన్నుకొన్నానన్న స్వేచ్ఛ మొదటిది. తాను చేయగలనన్న నమ్మకం రెండవది. తనవారన్న అనుబంధం మూడవది. మన వ్యాయామ బోధనను ఈ మూడింటితో సరిపోల్చి చూస్తే లోపం ఎక్కడుందో స్పష్టమవుతుంది. ఎంపిక విద్యార్థిది కాదు. చేయలేనివాణ్ణి అందరి ఎదుట నిలబెడతారు. వెనుకబడినవాడు జట్టుకు పరాయివాడవుతాడు. మూడు అవసరాలూ తీరని చోట ప్రేరణ ఎలా కలుగుతుంది?

ఇక స్వభావాల సంగతి. కొందరు జనప్రియులు. నలుగురు లేనిదే వారికి కాలు కదలదు. ఒంటరిగా నడవమంటే పది నిమిషాలకే విసుగెత్తే యువకుడు, కబడ్డీ బరిలోకి దిగితే గంటసేపు అలసట ఎరుగడు. ఇటువంటివారికి ఖోఖో, వాలీబాల్ వంటి జట్టు ఆటలు తగినవి. ఆటల పోటీ రుచించనివారికి మన పల్లెల్లో కోలాటం, చెక్కభజన ఉన్నాయి. కోలాటంలో గంటసేపు అడుగు వేసినవారు, వంగుతూ లేస్తూ చేసే శ్రమ తక్కువది కాదు. కాని దానిని వ్యాయామమని ఎవరూ అనుకోరు. శ్రమను పాటలో మరపించడం మన పూర్వుల నేర్పు. ఒకనాడు మన ఊళ్లలోని తాలింఖానాలు కూడా ఇటువంటివే. అక్కడి దండీలు, బస్కీలు, కర్రసాము నలుగురి మధ్య సాగేవి. నేడు రాలేదేమని రేపు అడిగేవారుండడమే ఆ చోటుకున్న బలం.

మరికొందరు ఏకాంతప్రియులు. నలుగురి చూపు తమపై పడితే వారికి కాళ్లు తడబడతాయి. వీరిని బలవంతంగా జట్టులో నిలిపితే ఆటపైనే విముఖత కలుగుతుంది. గాంధీజీ బాల్యం ఇందుకు చక్కని ఉదాహరణ. రాజకోటలోని ఉన్నత పాఠశాలలో కసరత్తును, క్రికెట్టును తప్పనిసరి చేసేవరకు తాను ఏ ఆటలోను పాల్గొనలేదని, అందుకు తన బిడియమే ఒక కారణమని ఆయన ఆత్మకథ 'సత్యశోధన'లో చెప్పుకొన్నాడు. కాని ఆరుబయట దూరం నడవడం వల్ల కలిగే మేలును గురించి ఆయన పుస్తకాలలో చదివాడు. ఆ సలహా ఆయనకు నచ్చింది. నడక అలవాటయింది. లండన్‌లో చదివే రోజులలో బండి ఖర్చు మిగుల్చుకొంటూ రోజూ మైళ్లకొద్దీ నడిచాడు. ఆ దేశంలో తాను జబ్బుపడకుండా ఉండడానికి ఆ నడకే ప్రధాన కారణమని భావించాడు. 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుంచి బయలుదేరి, 24 దినాలలో సుమారు 385 కిలోమీటర్లు నడిచి దండి చేరేనాటికి ఆయన వయస్సు అరవై ఏళ్లు. క్రికెట్టు మైదానం నుంచి తప్పుకొన్న బాలుని కాళ్లే ఒక జాతిని నడిపించాయి. ఆటలో రాణించని పిల్లవాణ్ణి చూసి పెదవి విరిచేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. అదే సమయంలో, కసరత్తుకు చదువుతో సంబంధం లేదని బాల్యంలో తాననుకొన్నది పొరపాటని, విద్యలో శరీరశిక్షణకు మానసిక శిక్షణతో సమానమైన స్థానం ఉండాలని గాంధీజీ రాసిన సంగతిని కూడా మరువరాదు.

ఇంకొకరకం వారికి అంకెలు, లక్ష్యాలు ఇష్టం. నిన్నటికంటె నేడు ఎంత ముందుకు వచ్చామో తెలిస్తేగాని వారికి తృప్తి ఉండదు. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 240 కిలోల బరువులెత్తి కాంస్యపతకాన్ని సాధించింది. బరువులెత్తడంలో ప్రత్యర్థి ఎదురుగా నిలబడడు. ఎదుట ఉండేది ఇనుము, దానిమీది అంకె. అటువంటి సాధన కొందరి మనస్సుకు హత్తుకొంటుంది. సామాన్యులకు ఒక చిన్న పుస్తకంలో రోజువారీ లెక్క రాసుకోవడం చాలు. అయితే అంకె మన సేవకుడే కాని యజమాని కాదు. రోజుకు పదివేల అడుగులన్న ప్రసిద్ధమైన లెక్క వైద్యులు కనిపెట్టినది కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరానికి 'పదివేల అడుగుల కొలమానం' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. అక్కడినుంచి ఆ అంకె లోకమంతా వ్యాపించింది. కనుక ఆరువేలు నడిచిన దినాన ఓడిపోయామని దిగులుపడనక్కరలేదు.

కొందరికి ఒకే పని రోజూ చేయడం శిక్షవలె ఉంటుంది. వారు సోమవారం సైకిలు తొక్కి, బుధవారం ఈత కొట్టి, శుక్రవారం బ్యాడ్మింటన్ ఆడితే తప్పేమీ లేదు. మరికొందరికి నిత్యం ఒకే వేళకు ఒకే క్రమంలో జరిగే సూర్యనమస్కారాలే మనశ్శాంతినిస్తాయి. ప్రయోజనం కనిపించని శ్రమ రుచించనివారు కూడా ఉన్నారు. ఉన్నచోటనే పరుగెత్తించే యంత్రం వారికి హాస్యాస్పదంగా తోస్తుంది. అటువంటివారు పెరటిలో పాదులు తవ్వవచ్చు. అంగడికి సైకిలుమీద వెళ్లిరావచ్చు. బరువు లేనప్పుడు లిఫ్టును విడిచి మెట్లెక్కవచ్చు. లండన్ కండక్టర్లు ఎక్కినవి కూడా మెట్లే.

స్వభావానికి, వ్యాయామానికి గల ఈ సంబంధాన్ని శాస్త్రజ్ఞులు కూడా పరిశీలిస్తున్నారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో 132 మంది పాల్గొన్నారు. వారి స్వభావాలను ముందుగా ప్రశ్నావళి ద్వారా తెలుసుకొన్నారు. తరువాత కొందరిచేత ఎనిమిది వారాలపాటు ఇంటివద్దనే సైకిలు వ్యాయామం, బలం పెంచే కసరత్తులు చేయించారు. కలుపుగోలు స్వభావంగలవారు తీవ్రమైన శ్రమలో ఆనందం పొందారు. ఆందోళన స్వభావంగలవారు దీర్ఘమైన తీవ్రశ్రమ కంటె, మధ్యమధ్య విరామంగల చిన్న చిన్న శ్రమలను ఇష్టపడ్డారు; ఎవరూ తమను గమనించకుండా ఉండాలని కోరుకొన్నారు. విశేషమేమంటే, వ్యాయామం వల్ల మానసిక ఒత్తిడి బాగా తగ్గినది ఈ రెండవరకం వారికే. అంటే వ్యాయామం ఎవరికి ఎక్కువ అవసరమో, వారే నలుగురి ఎదుట చేయించే కసరత్తుకు దూరంగా జరిగిపోతున్నారన్నమాట. పరీక్షల భయంతో నిద్రపట్టని విద్యార్థులు ఉన్న ప్రతి కళాశాల దీనిని గురించి ఆలోచించాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. 'స్వభావం పేరు చెప్పి సోమరితనాన్ని సమర్థించడం కాదా ఇది? నాకు శ్రమించని స్వభావం ఉందని ఒకడంటే ఏం చెబుతారు?' అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న సహేతుకమే. స్వభావాన్ని బట్టి మార్గం మారుతుందే తప్ప గమ్యం మారదు. శ్రమ అందరికీ విధి. దాని రూపం మాత్రమే ఐచ్ఛికం. పైగా నచ్చిన వ్యాయామానికైనా తొలి దినాలలో పట్టుదల కావాలి. లండన్‌లోనే జరిగి, 2009లో వెలువడిన మరొక అధ్యయనంలో, 96 మంది ఒక్కొక్క కొత్త అలవాటును అభ్యసించారు. అది అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 దినాలు పట్టవచ్చునని తేలింది. కొందరికి 18 దినాలే సరిపోగా, మరికొందరికి 254 దినాలు అవసరమని అంచనా వేశారు. మధ్యలో ఒకనాడు తప్పినంతమాత్రాన అలవాటు చెడిపోలేదు. కాబట్టి పదిహేను దినాలకే 'ఇది నాకు పడదు' అని తీర్మానించడం తొందరపాటు. ఒకనాడు మానినందుకు మొత్తం మానుకోవడం అంతకంటె పెద్ద తొందరపాటు.

రెండవ జాగ్రత్త కూడా ఉంది. స్వభావం మనిషికి ముద్ర కారాదు. 'నేను ఏకాంతప్రియుణ్ణి, జట్టు ఆట నాకు తగదు' అని పదిహేడేళ్లకే గిరిగీసుకోవడం మంచిది కాదు. ఒక ఆటలో ప్రవేశించి చూస్తేగాని అది తగినదో కాదో తెలియదు. నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ మొదట పరుగుపందేలలో శిక్షణ పొందింది. ఆ తరువాతనే బాక్సింగ్ వైపు మళ్లింది; 2022లోను, 2023లోను ప్రపంచ విజేతగా నిలిచింది. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారతజట్టు సభ్యుడు. అయినా ఆ యింటి బిడ్డ బ్యాడ్మింటన్ రాకెట్ పట్టింది. 2016లో రియోలో రజతాన్ని, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యాన్ని సాధించింది. తమ ఆటే తమ కుమార్తె ఆట కావాలని ఆ తల్లిదండ్రులు పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. ఒకదానిని విడిచి మరొకదానిని పట్టుకోవడం చంచలత్వం కాదు. విడిచిన తరువాత దేనినీ పట్టుకోకపోవడమే చంచలత్వం.

అయితే ఎన్నుకొనే బాధ్యత నంతటినీ విద్యార్థులమీదనే మోపడం కూడా అన్యాయమే. ఎన్నుకోవడానికి నాలుగు ద్వారాలు తెరచి ఉండాలి కదా! ఇంటర్మీడియట్ రెండు సంవత్సరాలు ఎదిగే శరీరానికి ఎంతో కీలకమైనవి. సరిగా ఆ రెండేళ్లలోనే మన పిల్లలు తెల్లవారుజామునుంచి రాత్రి పొద్దుపోయేవరకు పుస్తకాల ముందు కూర్చుంటున్నారు. ఆటస్థలం లేని మేడలలో నడిచే కళాశాలలు ఎన్నో ఉన్నాయి. ఆటల పీరియడ్ ఉన్నచోట కూడా పరీక్షలు దగ్గరపడగానే మొదట రద్దయ్యేది అదే. యుక్తవయస్సు రాగానే ఆట మానిపించడం వల్ల బాలికలకు జరిగే నష్టం ఇంకా పెద్దది. వారికి భద్రమైన చోటు, తగిన దుస్తులు, ఇంటివారి అనుమతి - ఈ మూడూ లభించనిదే స్వభావాన్ని గురించిన ఉపన్యాసం నిష్ఫలం.

ద్వారం తెరిస్తే ఏం జరుగుతుందో చూపినది మాలావత్ పూర్ణ. నిజామాబాదు ప్రాంతపు గిరిజన కుటుంబంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకొన్న ఆ బాలిక, భువనగిరి కొండరాతిమీద పర్వతారోహణలో తొలి పాఠాలు నేర్చుకొంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆమె చదివిన విద్యాసంస్థ కొండ ఎక్కే అవకాశాన్ని చూపకపోతే, తనలో ఆ శక్తి ఉన్న సంగతి ఆమెకే తెలిసి ఉండేది కాదు. అందరూ ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. కాని ప్రతి విద్యార్థికీ తన కొండ ఏదో తెలుసుకొనే అవకాశం లభించాలి.

ఆ అవకాశం కల్పించడానికి పెద్ద ధనం అవసరం లేదు. ప్రతి కళాశాలలో దినానికి ఒక గంట కేటాయించి, ఆ గంటలో నాలుగైదు మార్గాలు ఉంచాలి. జట్టు ఆట కోరేవారికి ఆట. ఏకాంతం కోరేవారికి నడక. క్రమం కోరేవారికి యోగాసనాలు. లయ కోరేవారికి కోలాటం లేదా నృత్యం. ఏది ఎన్నుకొన్నా, ఎవరినీ ఎవరితోనూ పోల్చరాదు. ఆరోగ్యసమస్యలున్నవారు వైద్యుని సలహా మేరకు తమకు తగినదానిని ఎన్నుకోవాలి. తల్లిదండ్రులు ఆ గంటను చదువునుంచి దొంగిలించిన గంటగా భావించరాదు. పరీక్షల వేళ ఆ గంటను రద్దుచేయడమంటే, ఒత్తిడి ఎక్కువైన సమయంలోనే దాని మందును మానిపించడమే.

విద్యార్థులు కూడా తమను తాము కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. నలుగురిలో ఉత్సాహం కలుగుతుందా, ఒంటరిగా ఉన్నప్పుడా? గెలుపు కావాలా, ప్రశాంతత కావాలా? మార్పు ఇష్టమా, క్రమం ఇష్టమా? చిన్నతనంలో ఎవరూ చెప్పకుండానే, అన్నం వేళ కూడా మరచి, ఏ ఆటలో మునిగిపోయేవారు? ఈ చివరి ప్రశ్నకు సమాధానం చాలామందికి దారి చూపుతుంది. తొక్కుడుబిళ్ల ఆడిన కాళ్లు, చెట్లెక్కిన చేతులు, చెరువులో ఈదిన భుజాలు ఇంకా మనవే. వాటికి మళ్లీ పని చెప్పడమే మిగిలి ఉంది.

వ్యాయామం శరీరానికి విధించే శిక్ష కాదు. తన శరీరంతో మనిషి చేసుకొనే జీవితకాలపు స్నేహం అది. స్నేహితులను ఇతరులు ఎంపికచేసి పెట్టలేరు. ఎవరి మిత్రుణ్ణి వారే వెదకి తెచ్చుకోవాలి. ఆ వెదకులాట పదహారు, పదిహేడేళ్ల వయస్సులోనే ప్రారంభమైతే, దాని ఫలం అరవై ఏళ్ల తరువాత కూడా తోడుగా నడుస్తుంది.